వీపీఎన్ కలిశాక సైట్లు తెరుచుకోకపోతే: డీఎన్‌ఎస్ సరిచేసే దారుల్లో మీకు ఏది సరిపోతుంది?

వీపీఎన్ ‘కనెక్టెడ్’ అని చూపిస్తుంది, కానీ బ్రౌజర్‌లో ఒక్క సైటూ రాదు. లేదా బయటి సైట్లన్నీ వస్తాయి, ఆఫీసు పోర్టల్ ఒక్కటే రాదు. లేదంటే అన్నీ వస్తాయి గానీ ప్రతి పేజీ ఐదు పది సెకన్లు తెల్లగా నిలబడి, ఆ తర్వాతే తెరుచుకుంటుంది. ఈ మూడింటికీ ఎక్కువమంది చేసే వైద్యం ఒకటే: నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డీఎన్‌ఎస్ (సైటు పేరుకు అంకెల చిరునామా, అంటే ఐపీ, వెతికిపెట్టే సర్వర్) దగ్గర గూగుల్ వారి 8.8.8.8 కొట్టేయడం. మొదటి సమస్యకు అది ఒక్కోసారి పనిచేస్తుంది. రెండోదాన్ని ఇంకా ముదరబెడుతుంది. మూడోదాంట్లో అసలు కారణాన్ని కనబడకుండా చేస్తుంది.

ఏ డీఎన్‌ఎస్ మంచిదని వెతికే ముందు, ఏ పేరుకు ఎవరు జవాబు చెప్పాలో తేల్చుకోవాలి. ‘పేరోల్.ఆఫీస్.ఇంటర్నల్’ లాంటి పేరు కంపెనీ లోపలి సర్వర్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఊళ్లో అందరూ పిలుచుకునే సందు పేరు పక్క జిల్లా పోస్టాఫీసుకు తెలియనట్టే, ఆ పేరు గూగుల్ సర్వర్‌ను అడిగితే ‘అలాంటిది లేదు’ అంటుంది. బ్యాంకు సైటుకో, వార్తల సైటుకో అయితే ఏ సర్వర్‌ను అడిగినా చిరునామా దొరుకుతుంది. అక్కడ తేడా వచ్చేది మీరు ఏం చూస్తున్నారో ఎవరికి తెలుస్తుందన్న దగ్గర.

తొందరలో ఉన్నవారికి తేల్చి చెప్పాలంటే ఇదీ సంగతి. ఆఫీసు వీపీఎన్ అయితే స్ప్లిట్ డీఎన్‌ఎస్ పెట్టుకోండి: ఆఫీసు పేర్లు ఆఫీసు సర్వర్‌కు, మిగతావి మామూలు దారికి. గోప్యత కోసం డబ్బు కట్టి తీసుకున్న వీపీఎన్ అయితే అన్ని పేర్లూ టనెల్ (వీపీఎన్ వేసే రహస్య దారి) లోపలి సర్వర్‌కే పంపి, బయటి దారి మూసేయండి. చేత్తో పెట్టే పబ్లిక్ డీఎన్‌ఎస్ ఈ రెండింటికీ ప్రత్యామ్నాయం కాదు. కంప్యూటర్‌లోనే పేరూ ఐపీ రాసుకునే హోస్ట్స్ ఫైలు ఒక పూట గడవడానికి పనికొస్తుంది.

కింద కమాండ్లను తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం. టైప్ చేసేటప్పుడు వాటి ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో, గీతలూ చుక్కలూ ఉన్నవి ఉన్నట్టుగా కొట్టండి.

ముందు తప్పు డీఎన్‌ఎస్‌దేనా చూడండి

వీపీఎన్ ఆన్‌లో ఉంచి కమాండ్ విండోలో (మ్యాక్, లినక్స్‌లో టెర్మినల్) ‘పింగ్ 1.1.1.1’ కొట్టండి. జవాబులు వస్తూ ‘పింగ్ వికీపీడియా.ఆర్గ్’ మాత్రం పేరు దగ్గరే ఆగిపోతే సమస్య డీఎన్‌ఎస్‌లో ఉంది. ఐపీకి కూడా జవాబు రాకపోతే డీఎన్‌ఎస్ జోలికి పోకండి. అది రూటు (ప్యాకెట్లు పోయే దారి) సమస్యో, వీపీఎన్ యాప్‌లో బయటి ట్రాఫిక్‌ను ఆపేసే కిల్ స్విచ్ పనో అయి ఉంటుంది. కొన్ని కంపెనీలు పింగ్‌ను మూసేస్తాయి కాబట్టి బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో 1.1.1.1 అని కొట్టి కూడా చూడండి. ఆ ఐపీని చేరడానికి డీఎన్‌ఎస్ అవసరం లేదు. క్లౌడ్‌ఫ్లేర్ పేజీ తెరుచుకున్నా, అడ్రస్ బార్‌లో అంకెల బదులు ‘వన్.వన్.వన్.వన్’ అనే పేరు వచ్చి అక్కడ ఆగినా ఐపీ దాకా దారి ఉన్నట్టే.

తర్వాతి పరీక్షను ఎక్కువమంది వదిలేస్తారు, నిజానికి సగం జవాబు అక్కడే ఉంది. ఒకే పేరును రెండు రకాలుగా అడగండి. మొదట ‘ఎన్ఎస్‌లుకప్ పేరోల్.ఆఫీస్.ఇంటర్నల్’. తర్వాత అదే కమాండ్ చివర ఆఫీసు డీఎన్‌ఎస్ ఐపీ చేర్చి, ‘ఎన్ఎస్‌లుకప్ పేరోల్.ఆఫీస్.ఇంటర్నల్ 10.20.0.53’. ఆ ఐపీ మీ ఆఫీసుది ఏదైతే అది. విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ కొడితే వీపీఎన్ అడాప్టర్ (దాని నెట్‌వర్క్ కనెక్షన్) కింద డీఎన్‌ఎస్ సర్వర్స్ వరుసలో కనిపిస్తుంది.

మొదటిది విఫలమై రెండోది పనిచేస్తే సర్వర్ బాగానే ఉంది, మీ కంప్యూటర్ వేరే వాళ్లను అడుగుతోంది. రెండూ విఫలమైతే వచ్చిన మాట జాగ్రత్తగా చదవండి. ‘నాన్-ఎగ్జిస్టెంట్ డొమైన్’ అని వస్తే ప్రశ్న ఎవరికో చేరింది, వాళ్లు లేదన్నారు. ‘టైమ్డ్ అవుట్’ అని వస్తే ప్రశ్న ఆ సర్వర్ దాకా పోలేదు, లేదా జవాబు తిరిగి రాలేదు. మొదటి మాట వస్తే డీఎన్‌ఎస్ సెట్టింగ్ మార్చాలి. రెండోది వస్తే రూటు, ఫైర్‌వాల్, ఐపీల గొడవ వైపు చూడాలి. ఈ రెండు మాటల తేడా పట్టించుకోకుండా సెట్టింగ్స్ మారిస్తే సాయంత్రం దాకా తిరుగుతూనే ఉండాలి.

ఒక మెలిక గుర్తుంచుకోండి. విండోస్‌లో ఎన్ఎస్‌లుకప్ నేరుగా సర్వర్‌ను అడుగుతుంది. విండోస్ పెట్టుకున్న స్ప్లిట్ నియమాలనూ హోస్ట్స్ ఫైలునూ అది చూడదు. అందుకే బ్రౌజర్‌లో పోర్టల్ చక్కగా తెరుచుకుంటున్నా ఎన్ఎస్‌లుకప్ ‘లేదు’ అనొచ్చు. అసలు అప్లికేషన్లకు ఏం జవాబు వస్తుందో చూడాలంటే పవర్‌షెల్‌లో ‘రిజాల్వ్-డీఎన్‌ఎస్‌నేమ్’ వాడండి. మ్యాక్‌లో పేర్లు వెతికే డిగ్ కమాండ్‌దీ ఇదే ధోరణి. అక్కడ ‘డీఎస్‌క్యాష్‌యుటిల్ -క్యూ హోస్ట్ -ఏ నేమ్’ తర్వాత పేరు రాసి అడగండి. లినక్స్‌లో ‘గెట్ఎంట్ హోస్ట్స్’ లేదా ‘రిజాల్వ్‌సీటీఎల్ క్వెరీ’.

దారులు, వాటి మంచి చెడ్డలు

అన్నీ టనెల్‌లోకే. వీపీఎన్ సర్వర్ ఇచ్చిన డీఎన్‌ఎస్‌నే అన్ని పేర్లకూ వాడటం. పెట్టడం తేలిక, లీకు తక్కువ. దీనికి చెల్లించేది రెండు రూపాల్లో. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్ వీపీఎన్ వాడేవారికి ప్రతి కొత్త పేరూ సముద్రం దాటి వెళ్లి రావాలి. పైగా పెద్ద సైట్లు డీఎన్‌ఎస్ అడిగిన చోటును బట్టి దగ్గరి సర్వర్ చూపిస్తాయి కాబట్టి, స్ప్లిట్ టనెల్‌లో (ఆఫీసు ట్రాఫిక్ మాత్రమే వీపీఎన్‌లోకి పోయే అమరికలో) ఉంటే వీడియోలూ డౌన్‌లోడ్లూ కూడా అక్కడి సర్వర్ల నుంచి రావడం మొదలవుతుంది. ఇంట్లో ప్రింటర్, నాస్ (ఫైళ్లు దాచే పెట్టె) పేర్లు కూడా పలకవు, అంటే వాటికి ఐపీ దొరకదు.

స్ప్లిట్ డీఎన్‌ఎస్. ‘ఆఫీస్.ఇంటర్నల్’తో ముగిసే పేర్లు 10.20.0.53కి, మిగతావన్నీ ఇంటి నెట్‌కు. ఆఫీసు పనికి ఇంతకంటే సరైన అమరిక లేదు. కష్టమల్లా ఆఫీసు వాడే డొమైన్లన్నీ మీకు తెలిసి ఉండాలి. ఒకటి అనుకుంటే మూడు ఉంటాయి: లోపలి డొమైన్ ఒకటి, కొనుక్కున్న ఇంకో కంపెనీది ఒకటి, క్లౌడ్‌లో ప్రైవేటుగా పెట్టిన డేటాబేస్‌లది ఒకటి. ఈ మూడోది జాబితాలో లేకపోతే పోర్టల్ తెరుచుకుంటుంది, లాగిన్ అవుతుంది, రిపోర్టు దగ్గర మాత్రం ఎర్రర్ వస్తుంది. ఐటీ వాళ్లను అడిగేటప్పుడు ‘డీఎన్‌ఎస్ ఐపీ ఏంటి’ అని మాత్రమే అడగకుండా ‘టనెల్‌లోంచి పలకాల్సిన డొమైన్లన్నీ ఇవ్వండి’ అని అడగండి.

చేత్తో పబ్లిక్ డీఎన్‌ఎస్. గూగుల్ 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1, హానికరమైన డొమైన్లను ఆపే క్వాడ్9 వారి 9.9.9.9. ఇంటి ప్రొవైడర్ డీఎన్‌ఎస్ నిజంగానే మొరాయిస్తున్నప్పుడు, వీపీఎన్ లోపలి పేర్లతో మీకు పనే లేనప్పుడు ఇవి బాగుంటాయి. ఇక్కడ చాలా బలంగా పాతుకుపోయిన అపోహ ఒకటి ఉంది: మొదటి పెట్టెలో ఆఫీసు డీఎన్‌ఎస్, రెండో పెట్టెలో 8.8.8.8 పెడితే, మొదటివాళ్లకు తెలియనిది రెండోవాళ్లు చెబుతారని. అలా జరగదు. మొదటి సర్వర్ ‘ఆ పేరు లేదు’ అంటే అదే ఆఖరి జవాబు, రెండోదాన్ని ఎవరూ అడగరు. మొదటిది అసలు పలకనప్పుడే రెండోదాని వంతు వస్తుంది. తీరా రెండోదానికి మారాక కంప్యూటర్ కొంతసేపు దాన్నే పట్టుకుని ఉండొచ్చు, అప్పుడు ఆఫీసు పేర్లన్నీ ‘లేదు’ అయిపోతాయి. ఉదయం పనిచేసి మధ్యాహ్నం పనిచేయని డీఎన్‌ఎస్‌ల వెనక చాలాసార్లు ఈ జోడీయే ఉంటుంది. దానికి తోడు ఆఫీసు లోపలి సర్వర్ల పేర్లు బయటి కంపెనీకి చేరిపోతాయి.

హోస్ట్స్ ఫైలు. ఒకటి రెండు పేర్లకు, ఐపీ మారదని తెలిసినప్పుడు. రాత్రి రిలీజ్ ఉంది, పేరు పలకడం లేదు, ఐపీ చేతిలో ఉంది: రాసుకుని పని కానివ్వండి. మర్నాడు ఆ వరుస తీసేయండి. సర్వర్ మార్చిన రోజు మీకొక్కరికే పాత చిరునామా వస్తుంటే కారణం ఎక్కడుందో ఎవరికీ తట్టదు.

బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్‌ఎస్. దీన్ని పరిష్కారంగా కంటే అనుమానితుడిగా చూడటం మంచిది. క్రోమ్‌లో ‘యూజ్ సెక్యూర్ డీఎన్‌ఎస్’ కింద, ఫైర్‌ఫాక్స్‌లో ‘డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్’ కింద మీరు ఫలానా కంపెనీని ఎంచుకుని ఉంటే, సిస్టమ్‌లో ఎంత చక్కగా స్ప్లిట్ పెట్టినా బ్రౌజర్ దాన్ని దాటుకుపోతుంది. పింగ్‌కు పలికే ఆఫీసు పేరు బ్రౌజర్‌లో మాత్రమే పలకకపోతే మొదట ఇది ఆఫ్ చేసి చూడండి.

విండోస్: ఇక్కడే ఎక్కువ తిప్పలు

విండోస్ 8 నుంచి ఒక ఏర్పాటు ఉంది, పేరు స్మార్ట్ మల్టీ-హోమ్డ్ నేమ్ రిజల్యూషన్. పేరు అడగాల్సి వస్తే విండోస్ వైఫైకీ ఈథర్నెట్‌కీ వీపీఎన్‌కీ ఉన్న డీఎన్‌ఎస్ సర్వర్లను ఒకేసారి అడగగలదు. విండోస్ 10కి వచ్చేసరికి ఎవరు ముందు జవాబిస్తే దాన్ని తీసుకోవడం మొదలైంది. వేగానికి ఇది మంచిదే. వీపీఎన్‌కు మాత్రం రెండు విధాలా చెరుపు: మీరు చూసే సైట్ల పేర్లు టనెల్ బయట ఇంటి ప్రొవైడర్‌కూ పోతాయి; లోపలా బయటా వేర్వేరు ఐపీలు ఉన్న పేరుకు ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. ‘రీఫ్రెష్ కొడితే వస్తుంది, ఇంకోసారి కొడితే పోతుంది’ అనే ఫిర్యాదు వినగానే దీన్ని అనుమానించాలి.

ఆపడానికి ప్రో ఎడిషన్‌లో జీపీఎడిట్ (గ్రూప్ పాలసీ ఎడిటర్) తెరిచి కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, నెట్‌వర్క్, డీఎన్‌ఎస్ క్లయింట్ దాకా వెళ్లి ‘టర్న్ ఆఫ్ స్మార్ట్ మల్టీ-హోమ్డ్ నేమ్ రిజల్యూషన్’ను ఎనేబుల్డ్ చేయండి. పేరులోనే ‘టర్న్ ఆఫ్’ ఉంది కాబట్టి ఎనేబుల్ చేస్తేనే ఆగుతుంది. ఇక్కడ తిరగేసి పెట్టేవాళ్లు బోలెడుమంది. హోమ్ ఎడిషన్‌లో జీపీఎడిట్ ఉండదు. రిజిస్ట్రీలో హెచ్‌కేఎల్‌ఎం కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, డీఎన్‌ఎస్‌క్లయింట్ అనే కీలో ‘డిసేబుల్‌స్మార్ట్‌నేమ్‌రిజల్యూషన్’ పేరుతో డీవర్డ్ పెట్టి విలువ 1 ఇవ్వాలి. డీఎన్‌ఎస్‌క్లయింట్ కీ లేకపోతే సృష్టించుకోవాలి. తర్వాత రీస్టార్ట్.

ఇది ఆపాక కూడా ఏ అడాప్టర్‌ను ముందు అడగాలన్నది మెట్రిక్ నిర్ణయిస్తుంది. చిన్న అంకె ముందు. ‘గెట్-నెట్‌ఐపీఇంటర్‌ఫేస్’ కొట్టి చూస్తే వైఫై కంటే వీపీఎన్ అంకె పెద్దదిగా కనబడితే, అడ్మిన్ పవర్‌షెల్‌లో ‘సెట్-నెట్‌ఐపీఇంటర్‌ఫేస్ -ఇంటర్‌ఫేస్ఏలియస్’ తర్వాత కోట్స్‌లో అడాప్టర్ పేరు, ‘-ఇంటర్‌ఫేస్‌మెట్రిక్ 5’ ఇవ్వండి. విండోస్ సొంత వీపీఎన్ వాడేవారికి ఒక చిక్కు: ప్రతి కనెక్షన్‌కూ ఆ అంకె మళ్లీ మొదటికి రావచ్చు. నిలబడాలంటే యాప్‌డేటా కింద మైక్రోసాఫ్ట్, నెట్‌వర్క్, కనెక్షన్స్, పీబీకే ఫోల్డర్‌లోని రాస్‌ఫోన్.పీబీకే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ‘ఐపీఇంటర్‌ఫేస్‌మెట్రిక్=0’ను 5 చేయాలి. కొత్త తరహా ఐపీ అయిన ఐపీవీ6కి పక్కనే వేరే వరుస ఉంటుంది, అదీ మార్చండి.

విండోస్‌లో అసలు స్ప్లిట్ డీఎన్‌ఎస్‌కు సరైన పనిముట్టు ఎన్‌ఆర్‌పీటీ (ఏ పేర్లకు ఏ సర్వర్‌ను అడగాలో చెప్పే విండోస్ పట్టిక) నియమం. అడ్మిన్ పవర్‌షెల్‌లో ఒక్క వరుస చాలు:

‘యాడ్-డీఎన్‌ఎస్‌క్లయింట్ఎన్‌ఆర్‌పీటీరూల్ -నేమ్‌స్పేస్ ".ఆఫీస్.ఇంటర్నల్" -నేమ్‌సర్వర్స్ "10.20.0.53"’

డొమైన్ ముందున్న చుక్క ముఖ్యం. చుక్క ఉంటే దానితో ముగిసే పేర్లన్నీ ఆ సర్వర్‌కు పోతాయి. లేకపోతే అచ్చంగా ఆ ఒక్క పేరుకే నియమం వర్తించి, పోర్టల్ ఎందుకు రావడం లేదో తెలియక తల పట్టుకుంటారు. ఈ నియమం ఉంటే మెట్రిక్‌లతో కుస్తీ పట్టాల్సిన పని చాలావరకు తప్పుతుంది. వీపీఎన్ ఆపినా నియమం అలాగే ఉంటుంది. అప్పుడు ఆఫీసు పేర్లు మాత్రమే పలకవు, ఎలాగూ వాటితో పని ఉండదు. కంపెనీ గ్రూప్ పాలసీ ద్వారా ఇప్పటికే ఎన్‌ఆర్‌పీటీ నియమాలు దిగి ఉన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం మీరు పెట్టిన స్థానిక నియమాన్ని విండోస్ లెక్కచేయదు. అక్కడ ఐటీ వాళ్లే చేర్చాలి.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. వీపీఎన్ యాప్ మధ్యలో కూలిపోయినా, సరిగ్గా అన్‌ఇన్‌స్టాల్ కాకపోయినా అది పెట్టుకున్న ఎన్‌ఆర్‌పీటీ నియమం వెనక మిగిలిపోవచ్చు. వీపీఎన్ ఆపేసినా ఇంటర్నెట్ రాకపోవడానికి ఇదో కారణం. ‘గెట్-డీఎన్‌ఎస్‌క్లయింట్ఎన్‌ఆర్‌పీటీరూల్’ కొట్టి, నేమ్‌స్పేస్ దగ్గర ఒంటరి చుక్క (అంటే అన్ని పేర్లూ), సర్వర్ దగ్గర ఇప్పుడు లేని వీపీఎన్ ఐపీ కనిపిస్తే అదే దొంగ. ‘రిమూవ్-డీఎన్‌ఎస్‌క్లయింట్ఎన్‌ఆర్‌పీటీరూల్’తో తీసేయండి. వైఫై అడాప్టర్ డీఎన్‌ఎస్ కూడా 127.0.0.1 గానో 10తో మొదలయ్యే ఐపీగానో మిగిలి ఉంటే ఆటోమేటిక్‌కు మార్చండి. ఆ తర్వాతే ‘ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్’. ఫ్లష్ అనేది పాత జవాబులను తుడిచేస్తుందే గానీ తప్పు సర్వర్‌ను అడగడం ఆపదు. అందుకే అన్నిటికంటే ముందు ఫ్లష్ కొట్టి ‘పనిచేయలేదు’ అనుకోవడంలో అర్థం లేదు.

ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌తో గోప్యత ముఖ్యమైతే దాని సెట్టింగ్స్ ఉండే ఓవీపీఎన్ ఫైల్లో ‘బ్లాక్-అవుట్‌సైడ్-డీఎన్‌ఎస్’ అనే ఒక్క వరుస చేర్చండి. వెర్షన్ 2.3.9 నుంచి ఉన్న ఈ ఆప్షన్ విండోస్‌కు మాత్రమే పనిచేస్తుంది. టనెల్ కాని అడాప్టర్ల మీద డీఎన్‌ఎస్ ప్రశ్నలు పోయే 53 పోర్టును మూసేస్తుంది. స్ప్లిట్ డీఎన్‌ఎస్‌తో దీన్ని కలపకండి, రెండూ ఒకదానికొకటి ఎదురు. సర్వర్ వైపు నుంచి డీఎన్‌ఎస్ అసలు రాని కనెక్షన్‌లో దీన్ని పెడితే ఒక్క పేరూ పలకదు.

వైర్‌గార్డ్ అనే ఇంకో వీపీఎన్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ ఫైల్లో తప్పు సాధారణంగా రెండు వరుసల మధ్య ఉంటుంది. ఇంటర్‌ఫేస్ భాగంలో ‘డీఎన్‌ఎస్ = 10.20.0.53’ అని ఉంటుంది, పీర్ భాగంలో ‘అలౌడ్ఐపీస్ = 10.30.0.0/16’ అని ఉంటుంది. 10.20.0.53 ఆ పరిధిలో లేదు. అంటే ప్రశ్న టనెల్‌లోకి వెళ్లదు, ఇంటి రౌటర్‌కు పోయి అక్కడే చచ్చిపోతుంది, మీకు ‘టైమ్డ్ అవుట్’ వస్తుంది. అలౌడ్ఐపీస్‌కు ‘10.20.0.53/32’ చేరిస్తే సరి. ఇంకో సంగతి: విండోస్ వైర్‌గార్డ్‌లో అలౌడ్ఐపీస్ 0.0.0.0/0 (అన్ని ఐపీలూ) అయి, టనెల్ బయటి ట్రాఫిక్ ఆపే టిక్ ఉన్నప్పుడే బయటి డీఎన్‌ఎస్ మూసుకుంటుంది. దాన్ని 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండుగా విడగొడితే ట్రాఫిక్ అంతా టనెల్‌లోకే పోతుంది గానీ ఆ కాపలా ఉండదు.

విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వాడే డెవలపర్లకు ఒక్క మాట. విండోస్‌లో పేర్లు పలికి, ఉబుంటు విండోలో పలకకపోతే విండోస్ 11 22హెచ్2 లేదా తర్వాతిదానిలో మీ యూజర్ ఫోల్డర్‌లోని ‘.డబ్ల్యూఎస్‌ఎల్‌కాన్ఫిగ్’ ఫైల్లో డబ్ల్యూఎస్‌ఎల్2 శీర్షిక కింద ‘డీఎన్‌ఎస్‌టనెలింగ్=ట్రూ’ పెట్టి ‘డబ్ల్యూఎస్‌ఎల్ --షట్‌డౌన్’ కొట్టండి.

ఐపీవీ6ను మర్చిపోతే

జియో లాంటి నెట్‌లలో ఐపీవీ6 మామూలైపోయింది. రౌటర్ తన ఐపీవీ6 చిరునామానే డీఎన్‌ఎస్‌గా కూడా ప్రకటిస్తుంది. వీపీఎన్ పాత తరహా ఐపీవీ4 మాత్రమే మోస్తుంటే ఆ ఐపీవీ6 డీఎన్‌ఎస్ టనెల్ బయటే ఉండిపోయి, ఒక్కోసారి అదే ముందు జవాబిస్తుంది. ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’లో వైఫై కింద ఎఫ్‌ఈ80తో మొదలయ్యే డీఎన్‌ఎస్ ఐపీ కనిపిస్తే గుర్తుపట్టొచ్చు. సరైన మందు ఐపీవీ6ను కూడా టనెల్‌లోకి తీసుకునే వీపీఎన్. అది కుదరకపోతే పరీక్ష కోసం వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ6 టిక్ తీసి చూడండి. సమస్య పోతే కారణం తేలింది. ఆ టిక్‌ను ఎప్పటికీ తీసేసి ఉంచమని మాత్రం చెప్పం. ఎన్‌ఆర్‌పీటీ నియమం పెట్టుకుని టిక్ తిరిగి పెట్టేయడం మేలు.

మ్యాక్

ఇక్కడ పని తక్కువ. టెర్మినల్‌లో ‘ఎస్‌సీయుటిల్ --డీఎన్‌ఎస్’ కొడితే ఏ డొమైన్‌కు ఎవరిని అడుగుతుందో వరుసగా చూపిస్తుంది. స్ప్లిట్ కావాలంటే ‘/ఈటీసీ/రిజాల్వర్’ ఫోల్డర్ సృష్టించి, అందులో డొమైన్ పేరుతోనే, అంటే ‘ఆఫీస్.ఇంటర్నల్’ అనే ఫైలు పెట్టి, లోపల ‘నేమ్‌సర్వర్ 10.20.0.53’ అని ఒక్క వరుస రాయాలి. వైఫైకి గతంలో చేత్తో 8.8.8.8 పెట్టి మరిచిపోయిన మ్యాక్‌లు చాలా ఉంటాయి. ‘నెట్‌వర్క్‌సెటప్ -సెట్‌డీఎన్‌ఎస్‌సర్వర్స్ వై-ఫై ఎంప్టీ’ కొట్టి దాన్ని తీసేయండి. మ్యాక్‌లో ఓపెన్‌వీపీఎన్ నడిపే టనెల్‌బ్లిక్ యాప్‌లో అయితే, చేత్తో పెట్టిన సెట్టింగ్స్‌ను మార్చడానికి విడిగా ఒక టిక్ పెట్టి అనుమతి ఇవ్వాలి.

కంపెనీ డొమైన్ ‘.లోకల్’తో ముగిస్తే మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ అదనపు చిక్కు వస్తుంది. ఆ ముగింపు ఇంట్లోని పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌ది. విండోస్‌లో పలికే పేరు పక్కన మ్యాక్‌లో పలకకపోవడానికి కారణం ఇదే. ఉబుంటులో ‘/ఈటీసీ/ఎన్ఎస్‌స్విచ్.కాన్ఫ్’లో హోస్ట్స్ వరుసలోని ‘ఎండీఎన్‌ఎస్4_మినిమల్’ తర్వాత ‘నాట్‌ఫౌండ్=రిటర్న్’ ఉండటం వల్ల వెతుకులాట అక్కడే ఆగుతుంది. కొత్తగా పేరు ఎంచుకునే అవకాశం ఉన్న ఆఫీసులు ‘.ఇంటర్నల్’ వాడుకోవచ్చు, 2024లో ఇంటర్నెట్ పేర్లను చూసే సంస్థ ఐకాన్ దాన్ని ప్రైవేటు వాడకానికి కేటాయించింది.

లినక్స్

‘/ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్’ను చేత్తో మార్చకండి. ఉబుంటులోనూ, 33వ వెర్షన్ నుంచి ఫెడోరాలోనూ ఆ ఫైలు పేర్ల ప్రశ్నలు చూసే సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ సర్వీసుకు లింకు మాత్రమే, లోపల 127.0.0.53 ఉంటుంది. మార్చితే కాసేపు పనిచేసి పోతుంది, లేదా లింకు తెగి ఆ తర్వాత వీపీఎన్ ఇచ్చే డీఎన్‌ఎస్ ఏదీ అప్లికేషన్లకు అందదు. ప్రతి పేరు దగ్గరా కచ్చితంగా ఐదు సెకన్ల ఆలస్యం కనిపిస్తే ఆ ఫైల్లో మొదటి సర్వర్ పలకడం లేదని అర్థం; లినక్స్‌లో పేర్లు అడిగిపెట్టే జీలిబ్‌సీ లైబ్రరీ ఎదురుచూసే గడువు ఐదు సెకన్లే.

అక్కడికక్కడ స్ప్లిట్ కావాలంటే రెండు కమాండ్లు (టన్0 అనేది మీ వీపీఎన్ ఇంటర్‌ఫేస్ పేరు): ‘రిజాల్వ్‌సీటీఎల్ డీఎన్‌ఎస్ టన్0 10.20.0.53’, ‘రిజాల్వ్‌సీటీఎల్ డొమైన్ టన్0 ~ఆఫీస్.ఇంటర్నల్’. ముందున్న ‘~’ గుర్తు ఇది దారి చూపడానికే గానీ చిన్న పేర్లకు తోక తగిలించడానికి కాదని చెబుతుంది. అన్నీ టనెల్‌కే పంపాలంటే డొమైన్ స్థానంలో ‘~.’ పెట్టండి. నెట్‌వర్క్‌మేనేజర్ వాడేవారు కనెక్షన్‌లోనే శాశ్వతంగా రాసుకోవచ్చు: ‘ఐపీవీ4.డీఎన్‌ఎస్-సెర్చ్’లో ‘~ఆఫీస్.ఇంటర్నల్’, లేదా అన్నీ వీపీఎన్‌కే పోవాలంటే ‘ఐపీవీ4.డీఎన్‌ఎస్-ప్రయారిటీ’ని -50 లాంటి రుణ సంఖ్యగా. రుణ సంఖ్య పెడితే మిగతా కనెక్షన్ల డీఎన్‌ఎస్ పక్కకు తప్పుకుంటుంది. వైర్‌గార్డ్‌ను నడిపే డబ్ల్యూజీ-క్విక్ ‘రిజాల్వ్‌కాన్ఫ్: కమాండ్ నాట్ ఫౌండ్’ అంటే సర్వర్‌లో తప్పు లేదు, మీ దగ్గర ఓపెన్‌రిజాల్వ్ లాంటి ప్యాకేజీ లేదంతే.

ఏ డీఎన్‌ఎస్ మార్చినా పోనివి రెండు

ఇంటి రౌటర్ 192.168.1.1, ఆఫీసు డీఎన్‌ఎస్ 192.168.1.10 అనుకోండి. కంప్యూటర్ దృష్టిలో ఆ సర్వర్ ఇంట్లోనే ఉంది. టనెల్‌లోకి పంపకుండా వైఫై మీదే వెతుకుతుంది, దొరకదు. జియోఫైబర్ రౌటర్లు 192.168.29.1తో వస్తాయి కాబట్టి ఈ ఢీ తక్కువ, 192.168.0.1, 192.168.1.1తో వచ్చేవాటిలో ఎక్కువ. రౌటర్ లాన్ సెట్టింగ్స్‌లో చిరునామాను 192.168.77.1 లాంటి అరుదైన దానికి మార్చి రీస్టార్ట్ చేయండి. మార్చే ముందు ప్రింటర్, సీసీ కెమెరాల డీవీఆర్‌లకు చేత్తో ఐపీ ఇచ్చారేమో చూసుకోండి, వాటినీ కొత్త వరుసలోకి తేవాలి. ఊరికి వెళ్లినప్పుడు మొబైల్ హాట్‌స్పాట్ మీద పోర్టల్ తెరుచుకుని, ఇంటి వైఫై మీద తెరుచుకోకపోతే ముందు దీన్నే చూడాలి.

రెండోది ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజు (బైట్లలో). పేరు పలుకుతుంది, ఐపీ వస్తుంది, చిన్న పేజీలు వస్తాయి, పెద్దవి సగంలో వేలాడతాయి. డీఎన్‌ఎస్ అనిపించేంత పోలిక ఉంటుంది. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది, అది 1500 లైనులోంచి 80 తీసేసిన లెక్క. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ బ్రాడ్‌బ్యాండ్ లైను 1492 మాత్రమే మోస్తుంది, కాబట్టి 1412 పెట్టాలి. నిర్ధారించుకోవడానికి ముందు 1280 పెట్టి చూడండి. వేలాడటం పోతే కారణం తెలిసినట్టే, అప్పుడు 1412కి పెంచుకోండి.

ఇన్ని చూశాక కూడా పలకకపోతే హెల్ప్‌డెస్క్‌కు టికెట్ పెట్టండి. అందులో వీపీఎన్ ఆన్‌లో తీసిన ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’, ఒకే పేరుకు రెండు రకాల ఎన్ఎస్‌లుకప్ జవాబులు, ‘గెట్-డీఎన్‌ఎస్‌క్లయింట్ఎన్‌ఆర్‌పీటీపాలసీ’ చూపించినది, మీ ఇంటి రౌటర్ చిరునామా జతచేయండి. ‘నాన్-ఎగ్జిస్టెంట్’ వచ్చిందో ‘టైమ్డ్ అవుట్’ వచ్చిందో టికెట్ మొదటి వరుసలోనే రాయండి. ఆ ఒక్క ముక్కతో అది డీఎన్‌ఎస్ చూసేవాళ్ల బల్ల మీదకు పోవాలో, ఫైర్‌వాల్ చూసేవాళ్ల దగ్గరకు పోవాలో తేలిపోతుంది.